కరిచే సబ్బు

పోయిన నెలలో నేను చదువుకున్న కాలేజీ వాళ్ళు ఫోన్ చేసి, ఫైనల్ ఇయర్ పిల్లలకు పరిశ్రమల్లో ఆప్టిమైజేషన్ గురించి ఒక గంట మాట్లాడి వెళ్ళమన్నారు. నన్ను పిలవడానికి కారణం నా గొప్పతనం కాదనీ, ముందు ఒప్పుకున్న పెద్దాయన చివరి నిమిషంలో రాలేనన్నాడనీ వాళ్ళు దాచలేదు, నేనూ నొచ్చుకోలేదు. మండే ఎండాకాలంలో శాలువా కప్పారు. మాట్లాడటం అయ్యాక ముందు వరసలోంచి ఒక అమ్మాయి లేచి, సార్ మీరు చేసిన మొట్టమొదటి ఆప్టిమైజేషన్ ఏది అని అడిగింది. సబ్బు అన్నాను. హాలంతా నవ్వింది. ఒక చిన్న సబ్బుల కర్మాగారంలో సరుకు తయారై బయటికి వెళ్ళే సమయాన్ని మూడో వంతుకు తగ్గించానని చెప్పాను. చప్పట్లు కొట్టారు. నేను చెప్పింది అబద్ధం కాదు, చేరవలసిన చోటికి నాలుగడుగుల ముందే ఆగిపోయిన నిజం. ఆ మిగిలిన నాలుగడుగులూ ఆ పిల్లల ముందు నడవలేకపోయాను. ఇక్కడ నడుస్తాను, ఎందుకంటే ఇది చదివేవాళ్ళలో చాలామంది నా ఈడువాళ్ళే అయ్యుంటారు, పట్టా చేతికొచ్చిన కొత్తలో మనం ఎంత తెలివి ఒలకబోసుకుంటూ తిరిగామో మీకూ గుర్తుండే ఉంటుంది.

కెమికల్ ఇంజనీరింగ్ నేను కోరి తీసుకున్నది కాదు, కౌన్సెలింగులో నా ర్యాంకుకు మిగిలింది. గురజాల అవతల రాతి క్వారీలో పనిచేసే మా నాన్న మాత్రం చాలా సంతోషించాడు, కొడుకు పురుగుమందుల కొట్టు పెట్టుకోవడానికి చదువుతున్నాడని ఆయన నాలుగేళ్ళూ గట్టిగా నమ్మాడు. చదువయ్యాక ఒక ఏడాదిపాటు దేశం నా అవసరం లేకుండానే నడిచింది. ఆ తర్వాత నరసరావుపేట శివార్లలో ఒక సబ్బుల కర్మాగారంలో ఉద్యోగం దొరికింది. దాని యజమానిని అందరూ భాయ్ అనేవాళ్ళు. తండ్రి పెట్టిన వ్యాపారాన్ని కొత్త పద్ధతుల్లో పెట్టాలని ఆయనకు కోరిక, కొత్త పద్ధతి అంటే ఒక ఇంజనీరును కుర్చీలో కూర్చోబెట్టడమని ఎవరో ఆయనకు చెప్పారు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. నేను దాని కింద మా థర్మోడైనమిక్స్ పుస్తకం పెట్టుకున్నాను, ఆ పుస్తకం నా జీవితంలో ఎవరికైనా ఉపయోగపడటం అదే మొదటిసారి.

ఉండటం ముప్పాళ్ళలో మా పిన్ని ఇంట్లో. అమ్మకు చెల్లెలు, నన్ను చిన్నప్పటినుంచీ సెలవులన్నిటికీ పెంచింది ఆమే. బాబాయి ఆటో నడిపేవాడు. మిరపకాయల సీజనొస్తే ఆ ఆటోలో పిన్నితో కలిపి పన్నెండుమంది ఆడవాళ్ళు మిరప యార్డులకు తొడాలు తీసే పనికి పోయేవాళ్ళు. తొడాలు తీయడమంటే ఎండుమిరపకాయ నుంచి కాడను గోటితో గిల్లి పడేయడం, పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా అదే పని, ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. ఆ మూడు నెలలు చేతులు నడిస్తే మిగతా ఏడాది ఇల్లు నడుస్తుందని పిన్ని అనేది. ఆ చేతుల సంగతి నాకు అంత బాగా తెలుసునని మీరు గుర్తుపెట్టుకోవాలి. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మేము చేసే సబ్బు బట్టలకూ చేతులకూ కూడా పనికొచ్చేది. చూడటానికి ఇటుకకు తమ్ముడిలా ఉండేది, వాసన సంగతి అడక్కండి. పత్తిగింజల నూనెను శుద్ధి చేసినప్పుడు మిగిలే మడ్డిని పెద్ద ఇనప గంగాళంలో కాస్టిక్ సోడాతో ఉడికిస్తే సబ్బవుతుంది. అయితే మడ్డితో కలవకుండా మిగిలిన కాస్టిక్, చర్మాన్ని తినేసేది, అందులోనే దాక్కుని ఉంటుంది, దాన్ని వెళ్ళగొట్టడానికి ఉప్పు వేస్తారు. ఉప్పు పడగానే సబ్బు విరిగి పైకి తేలుతుంది, కాస్టిక్ నీళ్ళు అడుక్కి దిగుతాయి, వాటిని కుళాయి తిప్పి వదిలేస్తారు. మళ్ళీ మంచినీళ్ళు పోసి ఉడికించి, మళ్ళీ ఉప్పు వేసి, మళ్ళీ వదిలేస్తారు. దీన్ని మా దగ్గర రెండో నీళ్ళు అనేవాళ్ళు. ఆ తర్వాత అచ్చుల్లో పోసి, ముక్కలు కోసి చెక్క అరల మీద పదిహేను రోజులు ఆరబెడతారు.

ఈ తతంగమంతా ఒక ముసలాయన చేతిమీదుగా నడిచేది. భాయ్ వాళ్ళ నాన్న కాలంనుంచీ ఉన్నాడు, కర్మాగారంలో అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు, నేను తాతా అనేవాణ్ణి, ఆయన నన్ను బేటా అనేవాడు. సబ్బు అయిందా లేదా అన్నది ఆయన నాలుకతో చూసేవాడు. పొడుగాటి కర్రగరిటెతో గంగాళం నాలుగు వైపులనుంచీ, చివరికి అడుగునుంచీ కొంచెం కొంచెం తీసి, ఊదుకుని, నాలుక చివర తగిలించి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగేవాడు. అప్పుడు రెండే తీర్పులు. సబ్బు ఒప్పుకుంది అనో, సబ్బు ఇంకా కరుస్తోంది అనో. కరుస్తోందంటే ఇంకో నీళ్ళు పెట్టాలి, అరల మీద ఇంకో నాలుగు రోజులు ఉంచాలి. ఆ మాటకు భాయ్ కూడా ఎదురు చెప్పేవాడు కాదు. కాలేజీలో నాలుగేళ్ళు చదివి వచ్చినవాడికి, ఒక కర్మాగారం మొత్తం ఒక మనిషి నాలుక మీద నడుస్తోందని తెలిస్తే ఎంత ఉత్సాహం వస్తుందో ఊహించుకోండి. నాకు దేశోద్ధారకుడికి రావలసిన ఉత్సాహం వచ్చింది.

నేను ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. ఎక్సెల్‌లో సాల్వర్ అని ఒక పనిముట్టు ఉంటుంది. మన షరతులు ఇవీ అని చెప్పి, ఖర్చు ఎంత తగ్గుతుందో చూడమంటే అది లోపల గుణకారాలన్నీ చేసి జవాబు చెబుతుంది. ఎంత కట్టె కాలాలి, ఎంత ఉప్పు పడాలి, ఎన్ని నీళ్ళు పెట్టాలి, అరల మీద ఎన్ని రోజులు ఆరాలి అన్నవి అది తేల్చవలసినవి. బరువు తగ్గకూడదు, గట్టిదనం తగ్గకూడదు, నురగ తగ్గకూడదు, మిగిలే కాస్టిక్ పుస్తకంలో ఉన్న హద్దు దాటకూడదు అన్నవి నేను పెట్టిన షరతులు. రెండో నీళ్ళు ఎత్తేసి, ఆరే రోజులు ఐదుకు కుదించాలని నా మనసులో ముందే తీర్మానమైపోయింది, సాల్వర్ దాని మీద సంతకం పెడితే చాలు. అది పెట్టలేదు. ఈ షరతులతో పరిష్కారం దొరకదని మొహమాటం లేకుండా చెప్పింది. ఏ షరతు అడ్డుపడుతోందో చూశాను. కాస్టిక్ హద్దు. ఆ గీతను వెంట్రుకవాసి జరిపితే ఖర్చు ఎంత తగ్గుతుందో కూడా ఆ రిపోర్టులోనే ఉంది, మిగతా షరతులన్నీ కలిపినా అంత తగ్గేది కాదు. ఆ పుస్తకం రాసిన మహానుభావుడు నరసరావుపేట వచ్చి మడ్డి చూశాడా ఏమన్నానా అనుకుని, ఆ అంకెను కొంచెం జరిపాను. సాల్వర్ వెంటనే ఒప్పుకుంది. నేను ఆ రోజు సబ్బును మెరుగుపరచలేదు, షరతును మెరుగుపరిచాను. ఈ రెంటికీ తేడా నాకప్పుడు తెలుసు. తెలిసే, ఆ గడి రంగు ఆకుపచ్చగా మార్చి భాయ్‌కి చూపించాను.

కొత్త పద్ధతిలో మొదటి గంగాళం దించిన రోజు భాయ్ స్వయంగా వచ్చి నిలబడ్డాడు. నేను పైనుంచి ఒక్క గరిటెడు తీసి, సీసాలోని పరీక్ష మందులో కలిపి రంగు మార్పు చూసి, బాగుందన్నాను. ఉస్తాద్ తన అలవాటు ప్రకారం నాలుగు వైపులా తీసి, అడుగునుంచి తీసి, నాలుక తగిలించి, తల అడ్డంగా ఊపాడు.

"కరుస్తోంది బేటా. అడుగున చానా ఉండాది. ఇంకో నీళ్ళు పెట్టాల."

నాలో ఒక జోకు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఎవరైనా గంభీరంగా మాట్లాడితే గాలి తీసెయ్యకపోతే నాకు అన్నం అరిగేది కాదు.

"కరవనియ్ తాతా. జనం మన సబ్బుని చేతులకి రుద్దుకుంటారు గానీ ఇడ్లీలోకి నంజుకోరు గదా!"

పనివాళ్ళందరూ పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా భాయ్ నవ్వాడు. నవ్వుతూనే నా భుజం తట్టి, అచ్చుల్లో పొయ్యమన్నాడు. ఉస్తాద్ భుజం మీది తువ్వాలుతో పెదవులు తుడుచుకుని, కర్రగరిటెను గోడకు ఆనించాడు.

"సరే. ఇంజనీరు గారి సీసా ఒప్పుకున్నాక నా నాలికెందుకులే."

ఆ తర్వాత ఆయన మళ్ళీ నాలుక పెట్టలేదు. అడిగినవాళ్ళూ లేరు. నేను మాత్రం ఆ జోకును ఇంటికి తీసుకెళ్ళి బాబాయికి కూడా వినిపించాను.

కొత్త సబ్బు బయటికి రావడమూ, తొడాల సీజను మొదలవడమూ ఒకేసారి జరిగాయి. మా అక్క కొడుకు చేసిన సబ్బని చెప్పి పిన్ని ఒక పెట్టె మొత్తం తెప్పించింది, ఆటోలో వచ్చే పదకొండుమందికీ దగ్గరుండి అంటగట్టింది. కంపెనీ ప్రచారానికి భాయ్ ఖర్చుపెట్టిన దానికన్నా పిన్ని నోరు ఎక్కువ పనిచేసింది. మిరపకాయలు గిల్లే ఆడవాళ్ళు చేతులు ఎన్నిసార్లు కడుక్కుంటారో లెక్క ఉండదు. తినేముందు, బిడ్డను ఎత్తుకునేముందు, కంట్లో నలుసు పడితే తీసుకునేముందు. వారం తిరక్కుండా పిన్ని చేతులు మండుతున్నాయనడం మొదలుపెట్టింది.

"ఈ ఏడు కాయ ఏందోరా, చానా ఘాటుగా ఉంది. కొబ్బరినూనె రాసినా తగ్గట్లా."

మండే కొద్దీ సబ్బు పెట్టి కడుక్కునేది, కడుక్కునే కొద్దీ మండేది. రెండో వారానికి వేళ్ళ సందులు పగిలాయి, అన్నం కలుపుకోలేక చెంచాతో తినడం మొదలుపెట్టింది. దొరసానివయ్యావు పిన్నీ, ఇంక ఫోర్కు కూడా తెస్తానులే అన్నాను. ఆమె నవ్వింది. చెంచా జారి కంచంలో పడితే మళ్ళీ రెండు చేతుల మధ్య పట్టుకుని తింటూ నవ్వింది. ఇప్పటిదాకా వేసిన జోకులన్నీ ఎవరైనా వాపసు తీసుకుంటామంటే నేను మొదట ఇచ్చేది ఆ ఫోర్కు జోకును. ఆ తర్వాతి రోజునుంచి ఆమె పనికి పోలేదు. అదే ఆటోలో పనికి పోయే పక్కింటి అత్త అంతకు రెండు రోజుల ముందే మానేసింది.

ఆ వారంలోనే రేషను ఇస్తున్నారంటే పిన్ని వెంట నేనూ వెళ్ళాను, బియ్యం మూట ఆమె పట్టుకోలేదు కాబట్టి. మిషను మీద ఆమె బొటనవేలు పెట్టింది. పడలేదు. చూపుడువేలు పెట్టింది. పడలేదు. పది వేళ్ళూ అయ్యాయి.

"ఏందక్కా, వేళ్ళు ఇంటికాడ పెట్టొచ్చావా?" అన్నాడు డీలరు.

"నీ మిషనుక్కూడా మిరప్పొడి తగిలిందిలేవయ్యా!" అంది పిన్ని. వరసలో నిలబడినవాళ్ళు నవ్వారు. నవ్వినవాళ్ళలో మా ఆటో ఆడవాళ్ళు ముగ్గురున్నారు, వాళ్ళ వంతు వచ్చినప్పుడు వాళ్ళ వేళ్ళూ పడలేదు. మిగతా ఊరివాళ్ళవి పడుతూనే ఉన్నాయి.

"ఒరేయ్, నువ్వు ఇంజనీరువి గదా, ఏమైందో చూడు," అని పిన్ని నా చేతిలో చెయ్యి పెట్టింది.

చూశాను. వేలి కొసల మీద గీతలు లేవు, ఎర్రగా, నున్నగా, జారుడుగా ఉన్నాయి. మిరపకాయ మండిస్తుంది గానీ చర్మం మీది గీతల్ని చెరపదు. ఆ జారుడు నాకు తెలుసు. సెకండ్ ఇయర్ ల్యాబులో ఒకసారి కాస్టిక్ ద్రావణం నా వేళ్ళ మీద ఒలికినప్పుడు సరిగ్గా అలాగే జారాయి. పన్నెండుమంది ఆడవాళ్ళు, ఒక ఆటో, ఒక పెట్టె సబ్బులు, నేను జరిపిన ఒక అంకె. లెక్క తేలడానికి సాల్వర్ అక్కర్లేకపోయింది. మిషను పాడైనట్టుంది పిన్నీ అన్నాను. డీలరు నా వైపు అదోలా చూశాడు.

మర్నాడు కర్మాగారానికి వెళ్ళి ఉస్తాద్ దగ్గర నిలబడ్డాను. ఆయన అచ్చులు కడుగుతున్నాడు.

"తాతా, ఒక్కసారి నాలిక పెట్టి చూడవా?"

"నా నాలిక రిటైరైంది ఇంజనీరు గారూ. మీరే చూడండి."

అర మీదున్న ముక్కను తీసుకుని నాలుక తగిలించాను. కొత్త బ్యాటరీ రెండు కొసలూ ఒకేసారి నాకినట్టు చురుక్కుమంది, వెంటనే నోరంతా మండిపోయింది, వెనక్కి రెండడుగులు వేసి నీళ్ళ డ్రమ్ముకు గుద్దుకున్నాను. చూడముచ్చటైన దృశ్యమే అయ్యుండాలి. ఆయన నవ్వలేదు.

"ఎట్టా ఉంది?"

"కరిచింది."

"ఎవర్ని?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జోకు లేదు. మా పిన్నిని అన్నాను. ఆయన చేతిలో అచ్చు కింద పెట్టి లేచాడు. ఆ క్షణంలో ఆయన నన్ను తిట్టినా, ఇడ్లీలోకి నంజుకో అని ఒక్క మాట అన్నా నాకు ప్రాణం తేలికపడేది. ఉప్పు మూటలు రెండు గంగాళం దగ్గర వెయ్యమని పనివాళ్ళకు చెప్పి, గోడకు ఆనించిన కర్రగరిటె తీసుకున్నాడు. అంతే.

ఇక్కడిదాకా చదివినవాళ్ళు, పోనీలే, తప్పు తెలుసుకున్నాడు, దిద్దుకున్నాడు అనుకుంటారు. నేను దిద్దుకున్న తీరు కూడా చెబుతాను. రెండో నీళ్ళు ఎందుకు మళ్ళీ పెట్టామని భాయ్ అడిగితే, కొత్త పద్ధతిలో రంగు మరీ నల్లగా వస్తోంది, అంగళ్ళవాళ్ళు ఇష్టపడరు అన్నాను. రంగు మాట నిజమే, కానీ అది కారణం కాదు. భాయ్ ఒప్పుకున్నాడు, రంగు గురించి ఆలోచించినందుకు మెచ్చుకున్నాడు కూడా. అప్పటికే అంగళ్ళకు పోయిన సబ్బుల్ని వెనక్కి తెప్పిద్దామని ఉస్తాద్ మెల్లగా అన్నాడు. తెప్పించాలంటే కారణం చెప్పాలి, కారణం చెబితే నా కుర్చీ కింద పుస్తకం ఒక్కటే మిగులుతుంది. చూద్దాం తాతా అన్నాను. పాత పద్ధతిలో చేసి, ఆరి, ఒప్పుకున్న సబ్బులు ఒక పెట్టెడు ఆయన్ని అడిగి తీసుకున్నాను, ఇంటికొచ్చి పిన్ని చూడకుండా ఆమె పెట్టెలోవి తీసేసి వీటిని పెట్టాను. పదకొండుమంది ఇళ్ళకు వెళ్ళి అదే పని చేయడానికి మాత్రం నాకు కాళ్ళు రాలేదు. వెళితే ఎందుకని అడుగుతారు. నా పిన్ని చేతులు పదిరోజుల్లో తేరుకున్నాయి, సీజను చివర నాలుగు వారాలు పనికి పోగలిగింది. పక్కింటి అత్త ఆ ఏడు మళ్ళీ యార్డు మొహం చూడలేదు. నా సబ్బుతో చేతులు కడుక్కుని, ఆ చేతులతోనే నాకు ఒకటి రెండు సార్లు గోంగూర పచ్చడి గిన్నెలో పెట్టి పంపింది, నాలుక పొక్కి ఉండటం చేత నేను తినలేకపోయాను. తినకపోవడానికి అదొక్కటే కారణమని ఇప్పటికీ చెప్పుకుంటాను.

ఉస్తాద్ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సబ్బు దించిన ప్రతిసారీ నాలుక పెట్టాడు, తీర్పు చెప్పాడు, నేను రాసుకున్నాను. బేటా అనే మాట మాత్రం మళ్ళీ రాలేదు, నేనక్కడున్న రెండేళ్ళూ ఇంజనీరు గారూ అనే పిలిచాడు. మర్యాద అంత బరువుగా ఉంటుందని నాకు తెలియదు. మాచర్లలో కూతురి దగ్గర ఉంటూ పోయాడని చాలా ఆలస్యంగా తెలిసింది. క్షమించమని అడగడానికి నాకు రెండేళ్ళ టైముండి అడగలేదు, ఆయన పోయాక అడగలేకపోయానని బాధపడటం కొంచెం డ్రామా కిందికి వస్తుంది కాబట్టి ఆ పని చెయ్యను.

ఇప్పుడు నేను పనిచేసే చోట ఇలాంటి హద్దుల్లో ఒక్క అంకె జరపాలంటే ముగ్గురు సంతకాలు పెట్టాలి, ఆ ముగ్గురిలో నేనొకణ్ణి. తేలిగ్గా పెట్టనని, చాదస్తమని నాకు పేరు. కుర్రవాళ్ళు వెనకాల ఏవో జోకులు కూడా వేస్తారు, బాగానే ఉంటాయి. భాయ్ కర్మాగారం మూతపడి అందులో ప్లాస్టిక్ కుర్చీల గోడౌన్ వెలిసింది. ఇటుకకు తమ్ముడిలాంటి ఆ సబ్బు ఎవరికీ జ్ఞాపకం లేదు, అందరి ఇళ్ళలోనూ నొక్కితే కారే రంగు సీసాలే. వాటి ఖర్చునూ ఎవరో కుర్చీలో కూర్చుని తగ్గించే ఉంటారు, ఏ షరతు జరిపారో, అది ఎవరి చేతులకు తగిలిందో మనకు తెలిసే దారి లేదు. ఆ రోజుల్లో కనీసం గంగాళం దగ్గర ఒక మనిషి నిలబడి, కరుస్తోందని చెప్పేవాడు. వినకపోవడానికైనా ఒక మాట ఉండేది.

మా ఆటో ఆడవాళ్ళకు మాత్రం ఆ ఏడు బాగా గుర్తుంది. అంత ఘాటు కాయ అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రకం విత్తనం ఇంటికి తేవద్దని పిన్ని అచ్చంపేటలో ఉన్న మరిదికి గట్టిగా చెప్పింది, ఆయన ఈ రోజుకీ వెయ్యడు. మొన్న ముప్పాళ్ళ వెళ్ళినప్పుడు, ఈసారి చెప్పెయ్యాలని అనుకుని కూర్చున్నాను. పక్కింటి అత్త కూడా వచ్చి అరుగు మీద కూర్చుంది.

"పిన్నీ, ఆ ఏడు మీ చేతులు కాలినయ్ చూడు..." అని మొదలుపెట్టాను.

"ఆ పాడు కాయ మాట ఎత్తమాకరా," అంది అత్త. "తలుచుకుంటేనే మండుద్ది."

పిన్ని అవునంది. ఇద్దరూ కలిసి ఆ కాయను మరో పావుగంట తిట్టారు, దాన్ని వేసినవాణ్ణీ, అమ్మినవాణ్ణీ, దాని వంశాన్నీ తిట్టారు. కాయ నోరు లేనిది. నాకు నోరుంది, పైగా ఆ నోటికి జోకులేస్తుందని పేరు కూడా ఉంది. అవునత్తా, మహా ఘాటు అన్నాను.